వయసు మళ్ళిన కుక్కకూ ఒక ఇల్లు

పిల్లలు విదేశాలలో స్థిరపడగా, అన్నవరంలో రత్నగిరి నీడన ఒంటరిగా మిగిలిన వృద్ధ దంపతులు కొందరు తోడు కోసం జాతి కుక్కపిల్లను కొనదలచి నన్ను సలహా అడుగుతుంటారు. వద్దనే చెబుతాను. కుక్కపిల్ల 12 ఏళ్ళకు పైగా జీవించవచ్చు. 70 దాటినవారి అనంతరం దాని గతి ఏమిటి? పైగా అది కాళ్ళకు అడ్డుపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదమున్నది.

1992లో అమల అక్కినేని స్థాపించిన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి శరణాలయాలను ఆశ్రయించి, వయసు మళ్ళిన కుక్కను తెచ్చుకొనుట మేలు. దాని స్వభావం ముందే తెలుస్తుంది. నెమ్మదిగా నడిచేవారితో నెమ్మదిగానే నడుస్తుంది. పశువైద్యునికి చూపించి, ఏటేటా రేబిస్ టీకా వేయించండి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుని సంప్రదించండి.

ముసలిదైనదని వదిలివేయబడడం ఎంతటి బాధయో మనకంటె ఎవరికి తెలుసు?