ధ్యాస నిలవకపోవడం వేరు, అక్షరం పట్టుబడకపోవడం వేరు

"మావాడికి ఏడీహెచ్‌డీ అట సార్, డిస్‌లెక్సియా అంటే కూడా అదేనా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అదీ ఇదీ ఒకటి కాదు. ఏడీహెచ్‌డీ అయితే ధ్యాస నిలవకపోవడం బడిలోనూ, ఖోలీలోనూ, ఆటలోనూ కనబడాలి, పన్నెండేళ్లలోపే మొదలవ్వాలి. అభ్యసన వైకల్యం ఉన్న పిల్లవాడు కథ చెబితే బుద్ధిగా విని తిరిగి చెబుతాడు. అదే కథ చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. చదవలేక అటూ ఇటూ కదిలితే మనం అల్లరి అంటాం (నేనూ అన్నాను, ఒకప్పుడు). కొందరికి రెండూ ఉంటాయి.

మన కామాఠీపురా పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో వాటికి తోడు మరాఠీ, ఇంగ్లీషు. రాని భాషలో పరీక్ష పెడితే మంచి పిల్లవాడు కూడా తప్పుతాడు. 2015లో వచ్చిన 'డాలి' డిస్‌లెక్సియా పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లోనే వచ్చాయి. అప్పుడు వాటిలో మనది లేదు.

ఈ తేడా తేలడం ఎందుకంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. సర్టిఫికెట్టు దానిమీదే ఆధారపడుతుంది. నాయర్ ఆసుపత్రి మనకు దగ్గరే. వెళ్లేముందు పిల్లల తెలుగు నోటుబుక్కులు తీసుకుని నా దగ్గరికి రండి. ఇంట్లో ఏ భాషో, క్లాసులో ఎలా ఉంటాడో డాక్టరుగారికి రాసిస్తాను.