కాళ్లు ఎనిమిదే, పనులు వేరు

“741 దొరకలేదా? ఓపీ07 పెట్టేయ్. దానికంటే మంచిది, కాళ్లూ అవే.” కోఠి గుజరాతీ గల్లీలో ఐసీలు కొనేవాళ్ల నుంచి కాలేజీ ల్యాబుల దాకా ఈ మాట చెల్లుబాటవుతోంది. మంచిదే, నిజం. కాళ్లు అవే అన్నది మాత్రం శుద్ధ తప్పు.

రెండు, మూడు ఇన్‌పుట్లు, నాలుగు మైనస్ సప్లై, ఆరు అవుట్‌పుట్, ఏడు ప్లస్. సింగిల్ ఆప్ యాంపుల్లో చాలావాటికి ఇంతవరకే పొత్తు. ఒకటి, ఐదు, ఎనిమిది దగ్గర ఎవరి దారి వారిది. ఆఫ్‌సెట్‌ను సున్నా చేయడానికి (నల్లింగ్) 741లో ఒకటి, ఐదు మధ్య 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి, దాని నడిమి కాలును మైనస్‌కు కలుపుతాం. ఓపీ07కి ప్రీసెట్ ఉండాల్సింది ఒకటి, ఎనిమిది మధ్య, నడిమి కాలు పోవాల్సింది ప్లస్‌కు. టీఎల్071 741 దారిలోనే నడుస్తుంది కానీ 100 కిలో ఓమ్‌లు అడుగుతుంది.

ప్రీసెట్ ఉన్న 741 బేస్‌లో ఓపీ07 గుచ్చారనుకోండి. ఐదో కాలుకు లోపల కనెక్షనే లేదు. ఒకటో కాలు లోపల కలెక్టర్ లోడుకు తగిలి, ప్లస్ సప్లైకి దగ్గరలో ఉంటుంది. ప్రీసెట్ దాన్ని మైనస్ వైపు లాగేస్తుంది. అవుట్‌పుట్ ఒక కొసకు పోయి కూర్చుంటుంది, స్క్రూ ఎంత తిప్పినా దిగిరాదు. వెంటనే “డూప్లికేట్ ఐసీ” అని తీర్పు! డూప్లికేట్లు లేవనను, కానీ ఈ పాపం వాటిది కాదు. 741 సాకెట్లో వాడితే నల్లింగ్ సర్క్యూట్‌ను మార్చాలి లేదా తీసేయాలని ఓపీ07 డేటాషీటే చెబుతోంది. చదివేదెవరు?

నన్నడిగితే తీసేయడమే మేలు. 741సీ ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 6 మిల్లీవోల్టులు, ఓపీ07ఈది 75 మైక్రోవోల్టులు. 80 రెట్లు తక్కువ ఉన్నదానికి ఇంకా ప్రీసెట్ దేనికి?

ఇంకో మొండి నమ్మకం ఉంది: ఎక్కడి తేడా అయినా సరే, ఈ నల్ పిన్నులతో అవుట్‌పుట్ సున్నాకి తెస్తే పనైపోయిందని. 741 బయాస్ కరెంట్ మామూలుగా 80 నానో ఆంపియర్లు. 1 మెగా ఓమ్ గుండా పోతే 80 మిల్లీవోల్టులు. నల్ పిన్నులు సర్దగలిగేది అటూ ఇటూ సుమారు 15. దానికి మందు రెండో ఇన్‌పుట్‌లో సరిపడే రెసిస్టర్, లేదా 65 పికో ఆంపియర్లతో సరిపెట్టుకునే టీఎల్071.

పరిధిలో ఉన్నా చిక్కే. సెన్సర్ తేడానో, ముందు స్టేజీ తేడానో కప్పిపుచ్చడానికి 741 లాంటి బైపోలార్ ఇన్‌పుట్ జత సమతూకం చెడగొడితే, ప్రతి మిల్లీవోల్టుకూ డిగ్రీకి 3.3 మైక్రోవోల్టుల చొప్పున డ్రిఫ్ట్ తగులుకుంటుంది. 5 మిల్లీవోల్టులు అలా సర్దారు, పొద్దుటికీ మధ్యాహ్నానికీ గది 10 డిగ్రీలు వేడెక్కింది: 165 మైక్రోవోల్టులు. కె టైప్ థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేదే సుమారు 41. ఫర్నేసు నిలకడగానే ఉంటుంది, మీటరు మాత్రం 4 డిగ్రీలు తేడా చూపిస్తుంది. ఆ తేడాను తర్వాతి సమ్మింగ్ స్టేజీలో విడిగా తీసేస్తే ఇన్‌పుట్ జత జోలికి పోనక్కర్లేదు. ఖర్చు రెండు రెసిస్టర్లు, ఒక ప్రీసెట్.