శేరు పోయిన తరువాత

ఊరికొక శేరుగా నున్న గందరగోళమును తొలగించుటకై, 1956 నాటి తూనికలు కొలతల చట్టము దేశమంతటికి ఒకే కిలోగ్రామును తెచ్చినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసి వినవచ్చు మా జహీరాబాదు వంటి సరిహద్దు సంతకు అది మేలే. 80 తులముల శేరును, అనగా 933 గ్రాములను, పొట్లములపై మరల ముద్రింపుడని నేను కోరను.

కాని సోలతో జొన్నలు కొలుచునాడు, అంచు నిండినదో లేదో చదువురాని ముసలమ్మ సైతము కనిపెట్టి వర్తకుని నిలదీసెడిది. నేడు పొట్లము అదే, రంగు అదే, వెల అదే. లోపలి 100 గ్రాములు 85 అయినచో తెలుగు చదివిన కోడలికిని తెలియదు. 85 అను అంకె కనబడును. దాని ప్రక్కనున్న మాట ఇంగ్లీషు. 2011 నాటి నియమముల ప్రకారము ఈ వివరములు హిందీలోనో ఇంగ్లీషులోనో యున్న చాలును. తెలుగు తయారుదారుని ఇష్టము. కొన్ని సరకులను నిర్ణీత పరిమాణములలోనే అమ్మవలెనను నియమమును సయితము 2021 నాటి సవరణ తొలగించినది. బదులుగా గ్రాము వెల ముద్రింపుమన్నది. అదియు తెలుగున నుండ నక్కరలేదు.

కొన్ని కంపెనీలు సరకు పేరును అరచేయంత తెలుగులో అచ్చువేయుచున్నవి. బరువు దగ్గరకు వచ్చునప్పటికి ఆ తెలుగు ఏమగుచున్నదో! గ్రాము అని వ్రాయుటకు రెండక్షరముల చోటు చాలును గదా.