అగ్నిగాయములకు మంచులోయ

ఒడలు కాలినవాని గాయములకు కట్టు విప్పి, మృతచర్మమును తొలగించి, కడుగు వేళ ఆ గదిలో నిలిచియున్నవారు దానిని మరువజాలరు. అగ్ని ఒకమారే కాల్చును. చికిత్స దినదినమును కాల్చుచుండును. బలమైన మందు లిచ్చినను ఆ వేళ బాధ పూర్తిగా అణగదు. లోకము ఆటవస్తువని తలంచు యంత్రమొకటి ఇట్టి గదిలో ప్రవేశించిన వృత్తాంతమును పాఠకులకు విన్నవింప దలచితిమి.

శిరస్సునకు తొడిగిన పరికరముచే లేని లోకమును కన్నుల యెదుట ఉన్నట్లు చూపు విద్యకు వర్చువల్ రియాలిటీ యని పేరు. తల యెటు త్రిప్పిన నటు ఆ లోకము కానవచ్చును. 1968లో అమెరికాయందు ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు దీని మూలరూపమును నిర్మించినపుడు దానిని పైకప్పునుండి వ్రేలాడగట్టవలసి వచ్చెను.

1996 మొదలు సియాటిల్ నగరమున హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అను మనశ్శాస్త్రజ్ఞులు దీనిని కాలిన గాయముల రోగులకు ఉపయోగించి చూచిరి. వారి కల్పితలోకమునకు స్నోవరల్డ్ అని పేరు. నర్సు గాయమును కడుగుచుండగా రోగి మంచులోయలో సాగుచు, మంచుబొమ్మల మీదను పెంగ్విన్ పక్షుల మీదను మంచుముద్దలు విసరుచుండును. ఇందు మంత్రమేమియు లేదు. బాధ గాయమున పుట్టినను, దానిని అనుభవించుటకు మనస్సు దానిపై నిలువవలెను. ఏకకాలమున ఎనిమిది విషయములపై మనస్సు నిలుపు అవధానులు మనలో కలరు. సామాన్యునికి రెండే గగనము. 2004లో ప్రకటితమైన పరిశోధనలో, ఆరోగ్యవంతులకు కొలత ప్రకారము వేడి సోకించి మెదడును చిత్రించి చూడగా, నొప్పికి సంబంధించిన భాగముల వ్యాపారము నిజముగనే తగ్గినట్లు తేలినది. ముఖము కాలినవారు శిరస్త్రాణము ధరింపలేరు గనుక, అద్దములను ఒక లోహపు కొయ్యకు అమర్చి వారి కన్నుల యెదుట నిలిపిరి.

ఇక బజారు సంగతి. ఫేస్‌బుక్ వారు 2014లో ఆక్యులస్ అను సంస్థను సుమారు 200 కోట్ల డాలర్లకు కొనిరి. 2021లో తమ పేరునే మెటా యని మార్చుకొనిరి. 2023వ సంవత్సర మొక్కదానియందే ఇట్టి పరికరములు చేయు శాఖపై 1,600 కోట్ల డాలర్లకు పైగా నష్టపడిరి. సుఖముగ కూర్చున్నవానికి లోకమును మరపించుటకై ఇంత ధనము! మరపు నిజముగ కావలసినవాని మాట యేమి?

మన దేశమున ఏటేట పదిలక్షలకు మించిన జనులు కాలిన గాయముల పాలగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఐనను తొందర వలదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు నిర్బంధములవలన మార్ఫీను మన వైద్యులకే దుర్లభమైనది. 2014లో చట్టమును సవరించిరి గాని, అది నేటికిని అన్నిచోట్ల సులభముగ దొరకుట లేదు. సియాటిల్‌లో ఈ యంత్రమును మందునకు తోడుగ వాడిరే గాని బదులుగ గాదు. మందు లేని వార్డులో యంత్రము నుంచి ఛాయాచిత్రములు తీయించుకొను పెద్దలు మనకు కొత్తవారు కారు.

కావున మొదట మందు, కట్టు కట్టుటకు చాలినంత మంది నర్సులు. పిమ్మట ఈ పరికరము. ఇపుడది మంచి సెల్‌ఫోను వెలకే లభించుచున్నది. మన పిల్లవానికి మంచులోయ రుచింపనిచో, చల్లని గోదావరి లంకనో కృష్ణ రేవునో కల్పించి యిచ్చుటకు హైదరాబాదులోని యువకులు చాలరా? వైద్యశాఖవారు ఈ సంగతిని కార్యాలయమున గాక, కట్టు విప్పు వేళ వార్డులో నిలుచుండి విచారింతురు గాక.