హామీపత్రమున లేని అంకెలు

2015 డిసెంబరు 12వ తేదీన లోకములోని రాజ్యములు పారిస్ నగరమున ఒక ఒడంబడికకు సమ్మతించినవి. దాని ననుసరించి ప్రతి దేశమును అయిదేండ్లకొకసారి తన హామీపత్రమును సమర్పింపవలయును. శీతోష్ణస్థితిని మార్చుచున్న ఉద్గారములను తగ్గించుట అందు ముఖ్యవిషయము. ఇప్పటికే వచ్చిపడిన మార్పును తట్టుకొని ప్రజలు బ్రతుకుటకు చేయదలచిన ఏర్పాటులను గూడ పెక్కు బీదదేశములు అందు చేర్చినవి. సాధారణముగా మొదటిదానికి అంకెలున్నవి. రెండవదానికి మాటలే హెచ్చుగా నున్నవి.

మన దేశపు పత్రమునే చూతము. 2022లో సవరించిన ఆ పత్రమున, దేశీయోత్పత్తిలో ప్రతి రూపాయకును వెలువడు ఉద్గారములను 2005 నాటి ప్రమాణమునుండి 2030 నాటికి నూటికి 45 పాళ్లు తగ్గింతుమని వ్రాసిరి. అంకె యున్నది, గడువున్నది; నిలదీసి యడుగుటకు వీలున్నది. ప్రజారక్షణ విషయమున నన్ననో, వ్యవసాయము, నీటివనరులు, హిమాలయ ప్రాంతము, సముద్రతీరము, ఆరోగ్యము, విపత్తుల నిర్వహణ మున్నగువానియందు పెట్టుబడి హెచ్చింతుమని మాత్రమే కలదు. ఎంత హెచ్చింతురు? ఏనాటికి? ఏ తీరమున? పూచీ యెవరిది? 2015 నాటి పత్రమున, 2030 వరకు ఈ పనులకు సుమారు 20,600 కోట్ల డాలరులు కావలయునని అంచనా వేసిరిగాని, ఆ ధనముచే ఏ జిల్లాకు ఏ రక్షణ కలుగునో చెప్పరైరి. వాయిదా తేదీయు, బాధ్యుని పేరును లేని దస్తావేజు నెవరు పట్టుకొని యేమి రాబట్టగలరు?

పొగను తూచవచ్చును, క్షేమమును తూచలేమని కొంద రందురు. ఈ వాదము నిలువదు. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాను తీరమును తాకిన తుపాను మూడు లక్షల జనమునకు తక్కువగాక బలిగొన్నది. 1972లో నచ్చట తుపాను హెచ్చరికలకై స్వచ్ఛందసేవకుల దళము నేర్పరచిరి, ఆశ్రయములను కట్టిరి, గట్లు పోసిరి. 2020 మే నెలలో అంఫన్ తుపాను వచ్చినపుడు బంగ్లాదేశమున 20 లక్షలకు పైగా జనమును ముందే తరలించిరి. అచ్చట మరణములు పదుల లెక్కలో ఆగిపోయినవి. రెండు తుపానులును సరిసమానములు కావు; అయినను ఇంతటి భేదము గాలివలన కలిగినది కాదు, ఏర్పాటువలన కలిగినది. ఆ దేశమే 2022లో, 2050 వరకు చేయవలసిన 113 పనులను, వాని వ్యయమును లెక్కగట్టి ప్రణాళిక ప్రకటించెను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల ప్రాణములను పోగొట్టుకొన్న ఆంధ్రులకు, అట్టి పట్టిక విలువ యెట్టిదో వేరుగ జెప్ప బనిలేదు.

ధనమెచ్చటిదని యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సంపన్నదేశములు 2020 నాటికి ఏటేట 10,000 కోట్ల డాలరులు సమకూర్తుమని 2009లో కోపెన్‌హేగనులో మాటయిచ్చి, తమ లెక్కప్రకారమే 2022లోగాని చెల్లింపలేదు. రక్షణకార్యములకై బీదదేశములకు వచ్చిన ప్రభుత్వధనము 2022లో 2,800 కోట్ల డాలరులుండగా, 2023లో 2,600 కోట్లకు దిగినదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ తెల్పినది. 2035 నాటికి కావలసినది ఏటికి 31,000 కోట్లకు తక్కువ కాదట! వచ్చునదానిలోను అప్పు భాగము గొప్పది. పొరుగువాని కొంపను ముంచి, దానిని తిరిగి కట్టుకొనుటకు వడ్డీకి సొమ్మిచ్చుట ధర్మ మనిపించుకొనునా?

అయితే న్యాయము మనయం దున్నంతమాత్రమున దావా గెలువదు, లెక్కలు చూపవలయును. ఏ ఊరికి ఏ గట్టు, ఎంత వ్యయము, ఎన్నడు పూర్తి యను పట్టిక చేతనున్నవాడే సభలో గట్టిగా నడుగగలడు. ఆ పట్టికయే మన ప్రజలు మన ప్రభుత్వమును నిలదీయుటకును ఆధారమగును. పరుల ధనము వచ్చువరకు ఉప్పెన ఆగదు.

కాబట్టి ఇకముందు సమర్పించు ప్రతి హామీపత్రమునకును జిల్లావారీ పట్టిక జతపడవలయునని మేము కోరుచున్నాము. ఎన్ని ఆశ్రయములు, ఎన్ని చెరువుల మరమ్మతు, వడగాలి దినములలో కూలిజనమునకు ఏ నీడ, ఏ నీరు, ఏ అధికారి బాధ్యుడు అనునవి అందుండవలయును. అది తెలుగున అచ్చై ప్రతి పంచాయతీ కార్యాలయమునను, ప్రతి పఠనమందిరమునను వ్రేలాడవలయును. లోకమునకిచ్చిన మాటను మొట్టమొదట చదువుకొను హక్కు, ఆ మాటపై ప్రాణము లాధారపడియున్నవారిది.