భోగి పలకకు ఉలికిపడని బిడ్డ

మా ఇంటి బిడ్డకు వినపడదన్న సంగతి తొలి సంక్రాంతికే మా అందరి కళ్ల ముందూ ఉంది. మేం చూడలేదు. తర్వాత చూసి కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకోక తప్పనప్పుడు ఆ నింద తీసుకెళ్లి తల్లి మీద వేశాం. ఇవి ఒక మనిషి చేసిన తప్పులు కావు, కుటుంబమంతా కూడబలుక్కున్నట్టు చేసినవి. అందుకే ‘మేము’ అని రాస్తున్నాను. అందులో నేనూ ఉన్నాను.

మాది మూడు ఊళ్ల కుటుంబం. పెద్దిల్లు మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లె మగ్గాల మధ్య. చిన్నాయన వాళ్లు పుంగనూరులో స్థిరపడ్డారు. ఆడబిడ్డలను ఇచ్చిన ఇళ్లు కుప్పంలో. మామూలు రోజుల్లో ఎవరి బతుకు వాళ్లది, పండగలకే కలుస్తాం. సంక్రాంతికి మదనపల్లె, సుగుటూరు గంగమ్మ జాతరకు పుంగనూరు, మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు కుప్పం. పుట్టిన మొదటి ఏడాదిలోనే బిడ్డ తల్లి చంకనెక్కి ఈ మూడు చోట్లకూ వచ్చింది.

మా వైపు భోగి అంటే తెల్లారకముందే పలక మోత. మంట చుట్టూ పిల్లలు వాయిస్తుంటే పక్క వీధి కూడా లేస్తుంది. నాలుగు నెలల బిడ్డ ఆ మోత పక్కనే, వరండాలో మేనత్త ఒళ్లో నిద్రపోయింది. పలక ఆగింది, మళ్లీ మొదలైంది, ఎవరో టపాకాయ కూడా కాల్చారు. రెప్ప కదలలేదు. ‘ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపే లేదు’ అని మురిసిపోయి, దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టాం. మాలో టీచర్లున్నారు, నర్సు ఉంది, నలుగురేసి బిడ్డల్ని పెంచిన అవ్వలున్నారు. తల్లికి మాత్రం అప్పటికే అనుమానం ఉంది. వంటింట్లో నిప్పట్లు తడుతూ, ‘గిన్నె కింద పడినా ఇటు తిరగడం లేదత్తా’ అంది. ‘పండగ పూట ఇవేం మాటలు’ అని ఆమె నోరు మూయించాం.

ఆ నోరు మూయించడం వల్ల బిడ్డకు పోయినదేమిటో చెప్పాలి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చెవికి మిషన్. ప్రపంచమంతటా వైద్యులు చెప్పే క్రమం ఇది. ఆ మొదటి పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో ముగిస్తారు. ఇంత తొందర ఎందుకంటే, మెదడులో శబ్దాన్ని పోల్చుకునే భాగం మొదటి మూడేళ్లలో చెవిన పడే మాటలతోనే తయారవుతుంది. మాటలు పడకపోతే ఆ చోటును చూపూ స్పర్శా తీసేసుకుంటాయి. ఆ తర్వాత ఆపరేషన్‌తో చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించినా శబ్దం తెలుస్తుంది గానీ అది మాటగా విడివడడం కష్టం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుచెవుడు ఉంది. ఆ కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. చేతికిచ్చిన టీకాల కార్డులోనే బిడ్డ శబ్దం వైపు తల తిప్పుతోందా చూసుకోమని ఉంది. ఆ కార్డును మేం టీకా తేదీల కోసమే తెరిచాం.

పుంగనూరు జాతర నాటికి అనుమానం తల్లిది మాత్రమే కాదు, అందరిదీ. కానీ పైకి అనుకున్నది వేరు. ‘వాళ్ల నాయనకూ నాలుగేండ్లకు గానీ మాట రాలేదు. మాటలు రాకుండా యాడికి పోతాయి?’ బోయకొండ గంగమ్మకు మొక్కుకున్నాం. కుప్పం జాతరలో అమ్మవారి విశ్వరూపం ముందు బిడ్డను రెండు చేతులా పైకెత్తి, మాట ఇమ్మని అడిగాం. మొక్కడం తప్పని నేననను. ఆ జనంలో ఆ తల్లికి కాస్త ధైర్యం దొరికింది కూడా. కానీ అదే కుప్పంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మొక్కు తీర్చుకుని దాని ముందు నుంచే ఇళ్లకు పోయాం.

రెండేళ్లు దాటాక తల్లి మాకు చెప్పకుండా పుట్టింటి వాళ్లను తోడు తీసుకుని వేలూరు వెళ్లింది. అక్కడ బెరా అనే వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులా తీవ్రమైన చెవుడు.

మేం చేసిన అన్నింటిలోకీ అన్యాయమైనది దీని తర్వాత చేశాం. గ్రహణం నాడు బయట తిరిగిందన్నాం. కడుపుతో ఉండి ఫోను చూసిందన్నాం. నిజానికి ఆమెది మేనమామకు ఇచ్చి చేసిన పెళ్లి. భూమి బయటికి పోకూడదని, పిల్ల కళ్ల ముందే ఉంటుందని ఆ సంబంధం ఖాయం చేసింది మేమే. అప్పటికి ఆ అమ్మాయి ఇంకా డిగ్రీ చదువుతోంది. పుట్టుచెవుడులో చాలా భాగం జన్యువుల వల్ల వస్తుంది. మన దేశంలో ఎక్కువగా కనపడేవాటిలో కనెక్సిన్ 26 అనే జన్యువులో లోపం ఒకటి. ఆ లోపమున్న జన్యువును ఒక్కొక్కటే మోస్తున్న తల్లికీ తండ్రికీ నిక్షేపంగా వినపడుతుంది. ఇద్దరి నుంచీ ఆ లోపం అందుకున్న బిడ్డకే చెవుడు. అలా జరగడానికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తసంబంధంలో పెళ్లయితే భార్యాభర్తలిద్దరూ ఒకే లోపాన్ని మోస్తుండే అవకాశం పెరుగుతుంది. ఈ దారిలోనే వచ్చి ఉంటే, ఆ లోపం మా అందరి అవ్వ నుంచో తాత నుంచో దిగింది. నాలోనూ ఉండవచ్చు. పక్క ఇంటి నుంచి వచ్చినట్టు దాన్ని ఆ పిల్ల ఒక్కదాని నెత్తిన పెట్టాం.

తర్వాతి పండగల్లో బిడ్డను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. జాలి చూపించాం, పక్కన పెట్టాం. భోగిపళ్లు పోసేటప్పుడు ‘దానికేం తెలుస్తుందిలే, నిద్రపోనీ’ అన్నారు ఎవరో, ఎవరూ కాదనలేదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చిందని తెలిసినప్పుడు, బిడ్డ ఏ బడికి పోతుందని అడిగినవాళ్లకంటే 2024 జూలై నుంచి ఆరు వేలకు పెరిగిన పింఛను గురించి అడిగినవాళ్లే ఎక్కువ. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ సినిమాగా వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఆ బిడ్డను వదిలించుకోమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లను చూసి, మనుషులేనా వీళ్లు అనుకున్నాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. మా బిడ్డ తల్లి సగంలో లేచి వెళ్లింది. ఎందుకు వెళ్లిందని ఎవరం అడగలేదు.

బిడ్డతో మాట్లాడినవాళ్లు మా ఇంట్లో పిల్లలే. అయిదారేళ్లవాళ్లు తమంతట తామే సైగలు కట్టుకున్నారు. గాలిపటానికి ఒకటి, చెరకుకు ఒకటి, కోపిష్టి తాతకు ఒకటి. బిడ్డ వాటిని అందిపుచ్చుకుని తనవీ కొన్ని కలిపింది. పెద్దలం దాన్నీ ఆపించాం. సైగలు అలవాటైతే ఇక మాట రాదని మా నమ్మకం. ఇదే నమ్మకంతో 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సభ, బడుల్లో సంజ్ఞాభాష వద్దని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. తరతరాల బధిర పిల్లలు చేతులు కట్టుకుని, అర్థంకాని పెదవుల వైపు చూస్తూ చదువు పోగొట్టుకున్నారు. 2010లో వాంకూవర్‌లో కూడిన అదే పరంపరలోని సభ ఆ తీర్మానాలను తిరస్కరించి, జరిగినదానికి విచారం తెలిపింది. 130 ఏళ్లు పట్టింది. భారతీయ సంజ్ఞాభాషకు ఢిల్లీలో 2015లోనే జాతీయ కేంద్రం వచ్చింది, 2018లో నిఘంటువు కూడా తెచ్చారు. చిన్నప్పుడే సంజ్ఞాభాష అందిన బిడ్డకు మొదట ఒక భాష అంటూ ఉంటుంది. నోటి మాటకు అది అడ్డం కాదు. మా పిల్లలు భోగి మంట దగ్గర మొదలుపెట్టిన పనిని మేం చెడగొట్టాం.

ఇప్పుడు బిడ్డకు అయిదేళ్లు. చెవికి మిషన్ ఉంది, మాట కొద్దికొద్దిగా వస్తోంది, సంజ్ఞాభాష తల్లీ కూతురూ వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. నిరుడు సంక్రాంతికి వాళ్లు రాలేదు. పని ఉందన్నారు, మేమూ సరే అన్నాం. ఆ సరే అనడంలో మాకు కలిగిన ఊరటను ఇక్కడ దాచను.

ఈసారి కనుమ నాడు పెద్దిల్లులో ఇంకో సంబంధం మాట్లాడాలనుకుంటున్నారు. మళ్లీ మేనరికమే, అదే అవ్వాతాతల సంతానం. పదిమంది ఎదుట కూర్చుని కాదనే వీలు పిల్లకు ఉండదు. మా బిడ్డ తల్లీ ఒకనాడు అలాగే కూర్చుంది. పెళ్లి మాట ఎత్తేముందు వేలూరులో జన్యు సలహా తీసుకోవాలని, అంతకుముందు ఆ పిల్లకు ఇష్టమో కాదో విడిగా అడగాలని నేను పెద్దలకు చెప్పాను. చిన్నాయన ఒప్పుకోలేదు. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. కనుమ నాడు మళ్లీ చెప్తాను.