‘తెలియదు’ అని రాసే ధైర్యం

కిందటి చలికాలం మేం నలుగురం జువాలజీ విద్యార్థులం రామగిరి ఖిల్లా వైపు పక్షులు చూడ్డానికి పోయాం. చెట్టు నీడలో ఒక చిన్న పిట్ట కొమ్మ మీంచి ఎగిరి, గాల్లోనే పురుగును పట్టి, మళ్లీ వాలి తోక పైకెత్తింది. తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు. “రెడ్‌బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్” అన్నాడొకడు. అందరం రాసేసుకున్నాం. నిజానికి దాని రొమ్ము మీద ఎరుపే లేదు!

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే మా తొందరపాటు తెలిసింది. అచ్చం అలాగే ఉండే టైగా ఫ్లైక్యాచర్ ఇంకొకటుంది. రెండూ చలికాలపు వలసపిట్టలే. చాలాకాలం ఒకే జాతిగా లెక్కించి, ఈ శతాబ్దం మొదట్లోనే విడదీశారు. ఆడపిట్టలకు ఎరుపుండదు. టైగా మగపిట్టకూ చలికాలంలో గొంతు ఎరుపు పోతుంది. కనుక చూడవలసింది రొమ్ము కాదు, ముక్కూ తోకా. కింది ముక్కు మొదలు లేత రంగైతే రెడ్‌బ్రెస్టెడ్. ముక్కు దాదాపు అంతా నలుపైతే టైగా. తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు తోకంత నల్లగానో, ఇంకా నల్లగానో ఉంటే టైగా; తోకకన్నా లేతగా ఉంటే రెడ్‌బ్రెస్టెడ్. మేం ఈ రెండూ చూడనే లేదు.

“ఇంత చిన్న పిట్ట పేరు మారితే ఏం కొంప మునిగింది?” అని మిత్రులు నవ్వవచ్చు. 1930ల మొదట్లో సలీం అలీ నిజాం సంస్థానంలో సర్వే చేసినప్పుడు పక్షుల నమూనాలు సేకరించారు. నమూనా ఉంటే అనుమానమొచ్చినప్పుడు మళ్లీ తీసి చూడొచ్చు. మనం పిట్టను చంపం, మంచిదే. కానీ మనకు మిగిలేది నోటుబుక్కే. ఓపెన్‌కాస్టుల కింద అడవి పోయి, మట్టిగుట్టల మీద మొక్కలు లేస్తున్న ప్రాంతం మనది. ఏ పిట్ట పోయింది, ఏది తిరిగొచ్చింది అని రేపు ఎవరైనా అడిగితే మన రాతలే సాక్ష్యం. తప్పు పేరుకన్నా ఖాళీ గడి నయం.

మా బాపు బొగ్గుబాయిలో సర్దారుగా చేశారు. కప్పును కర్రతో తట్టి, డొల్లగా మోగితే మనుషుల్ని అటు పోనిచ్చేవారు కాదు. నా సంగతి విని ఒక్కటే మాటన్నారు: “అనుమానమున్న కాడ మంచిగుందని చెప్పద్దు బిడ్డా.”

నోటుబుక్కులో ఆ పేరు కొట్టేసి, ‘రెంటిలో ఏదో ఒకటి, ముక్కు, తోక చూడలేదు’ అని రాశాను. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. పరీక్షలో ‘తెలియదు’ అంటే సున్నా రావచ్చు. పరిశీలనలో మాత్రం నిజాయితీకి అదే మొదటి మార్కు.